పుర్రచేతి విప్లవం

చింతలకోట సంస్థానంలో విప్లవం వచ్చిందన్న సంగతి, వచ్చిన వారానికి గాని జనానికి తెలియలేదు. రాజావారు నగల పెట్టెతో సహా దొడ్డిదారిన వెళ్ళిపోయారు. కోట మీద జెండా మారింది. దివాణం గుమాస్తాలు మాత్రం అవే కుర్చీల్లో, అదే ముక్కుపొడుం పీలుస్తూ కూర్చున్నారు. శిస్తు ఎప్పటిలాగే వసూలైంది. మరి జనానికి తెలిసేదెలా?

విప్లవ ప్రభుత్వానికి ఇది తలవంపులుగా తోచింది. కరపత్రాలు పంచుదామంటే చదివే నాథుడు లేడు. దండోరా వేయిద్దామంటే, దండోరా మనిషి నోటి అలవాటు కొద్దీ "రాజావారి ఉత్తర్వు ఏమనగా" అని ఎత్తుకుంటున్నాడు. చివరికి విప్లవాన్ని బొమ్మలుగా అచ్చువేసి ఊరూరా గోడలకు అంటించాలని తీర్మానమైంది. అందుకు చిత్రప్రచార సంఘం వెలిసింది. దాని కార్యదర్శి త్రివిక్రమరావుగారు. మొన్నటిదాకా ఆయన రాజావారి పుట్టినరోజు వేడుకలకు కార్యదర్శి. వేడుక ఎవరిదైనా పందిట్లో ముందు వరుస తనదేనని ఆయన నమ్మకం, ఆ నమ్మకం ఇంతవరకు వమ్ము కాలేదు.

సంస్థానంలో బొమ్మలచ్చు యంత్రం లేదు. ఉన్నదల్లా చీరలకూ దుప్పట్లకూ అద్దకం వేసే కొయ్య అచ్చులు. వాటిని చెక్కేవాళ్ళలో పేరున్నవాడు లక్కోజు సోమలింగాచారి. మామిడి పిందెలు, లతలు, నెమళ్ళు అతని ఉలి కింద ప్రాణం పోసుకునేవి. కార్యదర్శిగారు అతన్ని పిలిపించి, కోట గుమ్మం ముందు కుడిచెయ్యి పైకెత్తి నిలబడిన ప్రజానాయకుడు శేషావతారంగారి చిత్తరువు చేతికిచ్చి, "ఇది చెక్కు" అన్నారు.

సోమలింగాచారి చెక్కాడు. చిత్తరువులో ఉన్నది ఉన్నట్టు, మీసం కొసతో సహా చెక్కాడు. ఉన్నది ఉన్నట్టు చెక్కడమే కొంప ముంచింది. అచ్చు వేస్తే బొమ్మ తిరగబడుతుంది. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు, కానీ తాత ముత్తాతల నుంచీ ఆ ఇంట్లో చెక్కినవి పిందెలూ లతలూ. పిందె ఏ వైపు వాలినా పిందే. మనిషికి కుడి ఎడమలుంటాయని, వాటికి పట్టింపులుంటాయని ఉలి పట్టుకున్నప్పుడు అతనికి తట్టలేదు. బొమ్మ కింద నాలుగు అక్షరాలున్నా పట్టుబడేది. చదివేవాళ్ళు లేరు కదా అని అక్షరాలు వద్దన్నారు.

మర్నాడు పొద్దున సంస్థానంలో ఏ గోడ చూసినా శేషావతారంగారు ఎడమచెయ్యెత్తి నిలబడి ఉన్నారు. నాయకులవారు తన మీసం చూసుకుని మురిసిపోయారు. సంఘ సభ్యులు మురిసిపోతున్న నాయకులవారిని చూసి మురిసిపోయారు. సంతలో చేపలమ్ముకునే మంగమ్మ ఒక్కతే గోడ ముందు ఆగి, "ఇదేం పొయ్యేకాలం, పుర్రచెయ్యెత్తాడేంటి ఈయన!" అంది. సాయంత్రానికి ఆ మాట కోటకు చేరింది.

సంఘం అత్యవసరంగా కూడింది. బొమ్మ తప్పని ఒప్పుకుంటే ఊరూరా గోడలు గీకించాలి. గీకిస్తే నాయకులవారి ముఖం గీకినట్టవుతుంది. కార్యదర్శిగారు చాలాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, తీర్మానం చెప్పి రాయించారు.

"యుగయుగములుగా కుడిచెయ్యి తిన్నది, ఎడమచెయ్యి కడిగినది. దానము, దండము, ఆశీర్వచనము కుడిచేతి సొత్తు. మురికి యావత్తు ఎడమచేతి పాలు. కావున కుడిచెయ్యి జమీందారు, ఎడమచెయ్యి కూలి. ప్రజానాయకులవారు ఎడమచెయ్యి ఎత్తుటలోని అంతరార్థ మిదియే. నేటినుండి పౌరులెల్లరు ఎడమచేతితోనే దండము పెట్టవలెను, ఎడమచేతితోనే భుజించవలెను. కడుగుకొను పని కుడిచేతికి బదలాయించడమైనది."

విని సభ్యులు నివ్వెరపోయారు. తామింత లోతైన విప్లవం చేశామని వాళ్ళకే తెలియదు.

ఆ తర్వాత సంస్థానంలో భోజనాలు చూడ తరం కాలేదు. చారు మోచేతుల దాకా కారింది. పెరుగన్నం చెవుల్లోకి పోయింది. అరుగుల మీద ఎడమచేత్తో తిన్నట్టు నటించి, తలుపేసుకుని కుడిచేత్తో కడుపు నింపుకుంటున్నారని తెలిసి, ప్రభుత్వం హస్త తనిఖీదారులను వేసింది. వాళ్ళు సరిగ్గా భోజనాల వేళకు ఇళ్ళలో జొరబడి, కుడిచేతుల వాసన చూసేవాళ్ళు. పప్పు వాసన వస్తే జరిమానా. ఏ వాసనా రాకపోతే, కడుక్కునే పని ఇంకా ఎడమచేత్తోనే చేస్తున్నాడని రెట్టింపు జరిమానా. పెళ్ళిళ్ళలో పేచీ వచ్చింది. మూడు ముళ్ళూ ఒక్క చేత్తో పడవు కదా. "కుడిచేతి సాయము తీసుకొనవచ్చును, అయితే సాయపడినట్లు కనిపించరాదు" అని సవరణ వెలువడింది. మంగలి దుకాణాల్లో అద్దాలకు ముసుగులు పడ్డాయి. నాయకులవారు ఎడమచెయ్యెత్తడం అభ్యాసం చేస్తుంటే అద్దంలోని ఆసామీ కుడిచెయ్యెత్తి ఎదురు నిలిచాడట.

జనం గొణిగారు. "ఎడం చెయ్యి తీసి పుర్ర చెయ్యి పెట్టినట్టుంది ఈ ప్రభుత్వం" అని సంతలో ఎవరో అన్నారు. తనిఖీదారులు రాసుకుపోయారు. సంఘం ఆ సామెతను కూలంకషంగా పరిశీలించి, ఇందులో రెండు చేతులూ విప్లవ హస్తాలే కనుక ఇది నిందాస్తుతి కూడా కాదు, శుద్ధ స్తుతి అని తేల్చి, బళ్ళో పిల్లల చేత రోజూ పొద్దున్నే వల్లె వేయించింది.

ఇదంతా చూస్తూ సోమలింగాచారి లోలోపల కుమిలిపోయాడు. ఊరంతా ఎంగిలి చేతుల్తో అవస్థ పడుతోంది తన ఉలి మూలంగా అన్న సిగ్గు ఒకటి, బయటపడితే తల పోతుందన్న భయం ఒకటి. ఆ రెంటిలో భయమే పెద్దది కనుక నోరు మూసుకున్నాడు. సొంత అక్క ఇంటి మీదికి తనిఖీదారు వచ్చేదాకా మూసుకునే ఉన్నాడు.

అక్క భ్రమరాంబ. ఆమె భర్త కంచోజు నాగభూషణం కమ్మరి. విప్లవం నాడు కోట తలుపులు బద్దలుకొట్టినవాడు అతనే. అసలా రోజు పని అంటూ చేసినవాడు అతనొక్కడే అని కూడా చెప్పాలి. తలుపు విరిగింది, పైనుంచి తుపాకీ పేలింది, ఎడమచెయ్యి భుజం దాకా పోయింది. ఇప్పుడు కొలిమి దగ్గర భ్రమరాంబ పట్టకారుతో ఇనుము పట్టుకుంటే, అతను కుడిచేత్తో సుత్తి వేస్తాడు. ఆ కొట్టే కొడవళ్ళతోనే ఇల్లు గడుస్తోంది.

"కుడిచేత్తో తింటున్నావు. నేరం" అన్నాడు తనిఖీదారు.

"కాలుతో తినమంటావేంటయ్యా?" అన్నాడు నాగభూషణం.

"కాలి గురించి ఉత్తర్వులో లేదు. కనుక్కుని చెబుతా" అని రాసుకున్నాడు తనిఖీదారు.

ఆ సాయంత్రం సోమలింగాచారి తెగించి కోటకు వెళ్ళాడు. కార్యదర్శిగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పేశాడు. "తప్పు నాదండి. అచ్చు తిరగేసి చెక్కాల్సింది, తిన్నగా చెక్కేశాను. నాయకులవారు ఎత్తింది కుడిచెయ్యేనండి. మా బావకి ఉన్నదీ అదేనండి."

త్రివిక్రమరావుగారికి కోపం రాలేదు. జాలి కలిగింది. "సోమలింగాచారీ! నాయకులవారు ఆనాడు ఎత్తినది ఏ చెయ్యి అన్నది చరిత్ర. గోడమీద ఎత్తియున్నది ఏ చెయ్యి అన్నది విధానము. చరిత్ర ఒక్కమారు జరిగి ఊరుకున్నది. విధానము వేల ప్రతులు అచ్చయినది. ఏది గొప్ప?"

"అచ్చుతప్పండీ బాబూ..."

"ఆ పదము రాజుతో పోయినది. ఈ ప్రభుత్వములో తప్పు అచ్చు కాదు, అచ్చయినది తప్పు కాదు" అని కార్యదర్శిగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. "అయితే మీ బావ వీరుడు. వీరుడికి జరిమానా వేయుట బాగుండదు. అతని బొమ్మ కూడ ఒకటి చెక్కి తీసుకురా. బొమ్మకెక్కినవానిని తనిఖీదారులు తాకరు."

సోమలింగాచారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఈసారి పరధ్యానం లేదు. బాగా ఆలోచించి, కావాలనే తిన్నగా చెక్కాడు. అచ్చు పడితే తిరగబడుతుంది, బావకు గోడమీద ఎడమచెయ్యి వస్తుంది, ఎడమచెయ్యెత్తిన వీరుణ్ణి ఇంకెవడు ఏమంటాడు? తెలివి ముదిరితే ఏమవుతుందో అతనికి అప్పటికింకా తెలియదు.

బొమ్మ దివ్యంగా వచ్చింది. సుత్తి ఎడమచేత పైకెత్తి, కుడిభుజం మొండిగా, వీర నాగభూషణం ఊరూరా వెలిశాడు. ఆడవాళ్ళు హారతులిచ్చారు. ఒక కొత్త తనిఖీదారు, ఉద్యోగంలో పైకి రావాలన్న కోరిక గలవాడు, ఆ బొమ్మ చుట్టి చంకలో పెట్టుకుని కొలిమికి వెళ్ళి, బొమ్మనూ మనిషినీ పక్కపక్కన పెట్టి చూశాడు. చూసి కోటకు పరుగెత్తాడు.

సంఘం కూడింది. కార్యదర్శిగారు చదివారు.

"చిత్రములోని నాగభూషణమునకు ఎడమచెయ్యి కలదు, కుడిచెయ్యి లేదు. కొలిమిలోని నాగభూషణమునకు కుడిచెయ్యి కలదు, ఎడమచెయ్యి లేదు. చిత్రమునకును మనిషికిని రెండు చేతుల వ్యత్యాసము. చిత్రము ప్రభుత్వముది కనుక మనిషిని సవరించవలసియున్నది. లేని ఎడమచెయ్యి ఇచ్చుట ప్రభుత్వమునకు సాధ్యము కాదు. సాధ్యము కానిది చేయకపోవుట నేరము కాదు. ఉన్న కుడిచెయ్యి తీయుట సాధ్యము. సాధ్యమైనది చేయకపోవుట ఉపేక్ష. కావున రాబోవు శుక్రవారము నాడు ప్రభుత్వ వైద్యునిచే, తగిన మర్యాదలతో, సన్నాయి మేళముతో సవరణ జరుగును."

సోమలింగాచారి చెవిన ఈ మాట పడింది. ఎవరికైనా ఒక్కసారి చెడు చెయ్యడం పొరపాటు. మేలు చేద్దామని పూనుకుని రెండోసారి చెయ్యడానికి పేరేమిటో అతనికి తోచలేదు. ఏడ్చాడు. ఏడుస్తూనే కార్యదర్శిగారి వెంటపడ్డాడు.

"అయ్యా, బొమ్మలో ఉన్నవాడు మా బావ కాదేమోనండి! మా బావని చూసి చెక్కలేదండి. నా ఊహ కొద్దీ చెక్కానండి."

త్రివిక్రమరావుగారు నడుస్తున్నవారు ఆగారు. "అనగా ఈ కమ్మరివాడు ఆ నాగభూషణమే కాడందువా?"

"కాకపోతేనండి?"

"కాకపోయిన యెడల సవరణ ప్రసక్తి లేదు. ఎవరునూ కానివానికి ఏ చెయ్యి ఉన్ననూ ప్రభుత్వమునకు సమ్మతమే. నియమములన్నియు పౌరులకు గదా! అయితే ఆ మాట అతడే ఒప్పుకొనవలెను, సభలో." ఆయనకు కూడా ఈ దారి నచ్చింది. సన్నాయి మేళం ఖర్చు తప్పుతుంది.

సోమలింగాచారి కొలిమికి పరుగెత్తాడు. నాగభూషణం అంతా విన్నాడు. సుత్తి కింద పెట్టలేదు.

"ఆ తలుపు కొట్టింది నేనురా" అన్నాడు.

"నువ్వే బావా."

"ముప్ఫైమంది వెనకాల నుంచున్నారు. కొట్టింది నేను. ఈ శేషావతారం ఆ పూట ఏడున్నాడో నీకు తెలుసా? చింతచెట్టు సాటున. తలుపు ఇరిగినాక వచ్చి సెయ్యెత్తాడు. ఇప్పుడు నేను నేను కాదని సెప్పాలా?"

"చెప్పకపోతే ఆ చెయ్యి కూడా తీసేస్తారు బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నాగభూషణం కొలిమిలో నిప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. భ్రమరాంబ పట్టకారు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఇనుము చల్లారిపోయింది.

"రెండు సేతులూ పోతే దీని సేతి ముద్ద తిని బతకాల" అన్నాడు చివరికి, భార్యను చూపించి. "పేరు పోతే పోనీలేరా. సుత్తి ఉంటది."

శుక్రవారం నాడు రాజావారి దర్బారు హాల్లో, అంటే ఇప్పటి ప్రజామందిరంలో, సభ తీరింది. వేదిక మీద శేషావతారంగారు, ఆయన పక్కన కుర్చీలో పూలదండతో వీర నాగభూషణం చిత్రపటం. మనిషిని మటుకు కింద నిలబెట్టారు. గవర్నమెంటు వైద్యుడు కూడా సంచీతో వచ్చి కూర్చున్నాడు, ఎందుకైనా మంచిదని.

"నీవు కంచోజు నాగభూషణమువా?" అని అడిగారు కార్యదర్శిగారు.

నాగభూషణం పటం వంక చూశాడు. "కాదండి" అన్నాడు.

"కోట తలుపు బద్దలుకొట్టినది నీవా?"

నాగభూషణం మొండి భుజం తడుముకున్నాడు. "కాదండి. ఆ కుర్చీలో ఆయనంటండి."

సభ హర్షధ్వానాలు చేసింది. ఒక్క ఎడమచేత్తో చప్పట్లు కొట్టడం రాక తొడలు చరుచుకున్నారు. సోమలింగాచారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు. కానీ కార్యదర్శిగారు చెయ్యెత్తి ఆపారు.

"ఒక్క చిక్కు మిగిలియున్నది. వీర నాగభూషణముగారి ధర్మపత్ని ఈ సభలో ఉన్నది. ఆమె భర్త ఈ కుర్చీలో ఉన్నారు. మరి ఈ ఊరుపేరు లేనివాడు ఆమె ఇంట నెట్లుండును? వీరపత్ని ఇంట పరపురుషుడు! అందుచేత ఇతనిని వీరుని పటమునకు కాపలాదారుగా నియమించడమైనది. అరుగుమీద పండుకొనవచ్చును. అయితే ముందుగా ఆమె సాక్ష్యము కావలెను. అమ్మా, ఇటు రా."

భ్రమరాంబ వచ్చింది. తలమీద కొంగు సర్దుకుని, "ఆయన కాదండి" అంది మెల్లగా.

"ఎవరు ఎవరు కాదో స్పష్టముగా, పేరుతో చెప్పవలెను."

ఆడవాళ్ళ వరుసలో గుసగుసలు రేగాయి. భ్రమరాంబ కాపరానికి వచ్చిన నాటినుంచి ఈనాటిదాకా మొగుడి పేరు నోటితో అనలేదు. పెళ్ళినాడు గుమ్మంలో ఆడపడుచులు అడ్డం నిలబడి, పేరు చెబితే గాని లోపలికి రానివ్వమని ఎంత ఏడిపించినా చెప్పలేదు. రేవులో ఎవరైనా అడిగితే "శివుడి మెళ్ళో ఉండేది" అని నవ్వేసేది. అతని చెయ్యి పోయిన రోజున నెత్తుటి మడుగులో పడున్నవాణ్ణి కూడా "ఏవండీ, ఏవండీ" అనే పిలిచింది.

వైద్యుడు సంచీ సర్దుకున్నాడు. అందులో ఏదో ఖంగుమంది.

"ఈయన నాగభూషణం కారండి" అంది భ్రమరాంబ.

సోమలింగాచారికి ఆ గొంతు అక్క గొంతులా వినిపించలేదు. కార్యదర్శిగారు మాత్రం కలం పైకెత్తి తల అడ్డంగా ఊపారు. ఆయనకు వ్యాకరణం మీద పట్టుంది.

"'ఈయన' అంటివి. 'కారు' అంటివి. ఊరుపేరు లేని కాపలావానికి గౌరవ వాచకములేల? సాక్ష్యము చెల్లదు. 'వీడు' అని చెప్పుము."

తొడలు చరిచినవాళ్ళు కూడా తలలు దించుకున్నారు. భ్రమరాంబ మొగుడి వంక చూసింది. నాగభూషణం కళ్ళు మూసుకుని, అనవే అన్నట్టు తల ఊపాడు.

"వీడు నాగభూషణం కాడు."

"రాసుకొనుడు" అన్నారు కార్యదర్శిగారు. శేషావతారంగారు వేదిక మీద లేచి నిలబడి, ఎడమచెయ్యెత్తి సభను దీవించారు.

పటాన్ని పల్లకీలో పెట్టి మేళంతో ఇంటికి పంపారు. మేళం ఖర్చు తప్పలేదు. నడింట్లో, పీట మీద పటం నిలిపారు. నాగభూషణం అరుగు మీద కూర్చున్నాడు. సోమలింగాచారి గుమ్మం పక్కన నిలబడ్డాడు, లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లక. వెంట వచ్చిన తనిఖీదారు, ఎవరూ కానివాడు ఏ చేత్తో తింటే ఏమని, దాటుకుని వెళ్ళిపోయాడు. సంస్థానం మొత్తం మీద కుడిచేత్తో అన్నం తినే హక్కు ఆ రోజున అతనొక్కడికే దక్కింది.

భ్రమరాంబ విస్తరి తెచ్చి అరుగు మీద వేసి, అన్నం వడ్డించి, గోంగూర పచ్చడి వేసి, తల ఎత్తకుండా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు పొద్దుటేల నుంచి ఏం తిన్లేదు గదే" అన్నాడు నాగభూషణం. కుడిచేత్తో పచ్చడి కలిపి, మొదటి ముద్ద ఆమె నోటికి అందించాడు.

ఆమె నోరు తెరవలేదు. అతను ముద్ద పట్టుకుని అలాగే కూర్చున్నాడు.